చూడగానే మోగాలి

పియానో దగ్గర ఒక స్వరానికి ఒకే కీ. కాగితం మీద చుక్క కనిపించగానే వేలు ఎక్కడ పడాలో తేలిపోతుంది. గిటారుతో అలా కుదరదు. ఐదు గీతల స్టాఫ్ నొటేషన్‌లో పై ఖాళీలో 'ఈ' స్వరం రాసి ఉందనుకోండి. మొదటి తీగని ఏ మెట్టూ నొక్కకుండా మీటితే ఆ స్వరం పలుకుతుంది. రెండో తీగ మీద ఐదో మెట్టు నొక్కినా అదే పలుకుతుంది. మూడో తీగ మీద తొమ్మిదో మెట్టు, నాలుగో తీగ మీద పద్నాలుగో మెట్టు, ఐదో తీగ మీద పందొమ్మిదో మెట్టు... ఎక్కడ నొక్కినా అదే 'ఈ'. చుక్క ఒకటి, చోట్లు ఐదు. వీటిలో ఏది సరైన చోటో ఆ చుక్కని బట్టి తెలియదు. దాని తర్వాత రాబోయే నాలుగైదు చుక్కల్ని బట్టి తెలుస్తుంది. అంటే చెయ్యి ఒక చోట వాయిస్తుంటే కళ్ళు అప్పటికే ముందు బార్‌లో, అంటే నిలువు గీతలతో విడదీసిన తర్వాతి ముక్కలో ఉండాలి.

ముందెన్నడూ చూడని కాగితాన్ని చూసిన మొదటిసారే, లయ తప్పకుండా, అందరితో కలిసి వాయించడాన్ని వృత్తి కళాకారులు సైట్ రీడింగ్ అంటారు. పాట వినిపించరు. రిహార్సల్ ఉండొచ్చు, లేకపోవచ్చు. స్టాండు మీద కాగితం పెడతారు, కౌంట్ ఇస్తారు, మొదలుపెట్టాలి. వయొలిన్, ఫ్లూట్ వాళ్ళు పాశ్చాత్య పద్ధతిలో మొదటి పాఠం నుంచే కాగితంతో నేర్చుకుంటారు. గిటారు పట్టినవాళ్ళు మాత్రం ఎక్కువమంది కార్డులతో (ఒకేసారి మోగే స్వరాల గుంపులతో) మొదలుపెట్టి, విని పట్టుకుంటూ పైకొస్తారు. అందుకే స్టూడియోల్లోనైనా, నాటకశాలల ఆర్కెస్ట్రాల్లోనైనా బాగా చదవగల గిటారిస్టు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తారు.

బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, విజయనగరం చుట్టుపక్కల గిటారు పట్టిన కుర్రాళ్ళకి కొదవ లేదు. ఆదివారం చర్చిలో ఆరాధన, పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రా, కాలేజీ వార్షికోత్సవం, అమ్మవారి పండగ రాత్రి స్టేజీ... అన్నిట్లోనూ వాళ్ళుంటారు. కొత్త పాటని ఫోన్లో నాలుగైదుసార్లు వింటారు, కార్డులు పట్టేస్తారు, సాయంత్రానికి స్టేజీ ఎక్కేస్తారు. ఆ చెవి సామాన్యమైంది కాదు. అదే కుర్రాడి ముందు ఐదు గీతల కాగితం పెడితే చెయ్యి ఆగిపోతుంది. ప్రతిభ లేక కాదు, ఎవరూ నేర్పక. నేర్పితే వచ్చే విద్య ఇది. ఈ నేల మీద పుట్టిన పిల్లలకైతే ఇందులో సగం ముందే వచ్చి ఉంటుంది కూడా. ఆ సగం ఏమిటో తర్వాత చూద్దాం.

చెవిని నమ్ముకున్న సీమ

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకాండి వీణకి బొబ్బిలి పేరు దేశమంతా తెలుసు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వీణకి నాలుగు తీగలు వాయించడానికి, మూడు తాళానికి, ఇరవై నాలుగు మెట్లు. ఆ మెట్లని మైనంలో కూర్చి, ఒక్కోదాన్నీ శ్రుతికి సరిచేసేది చెవితోనే. ఒకే స్వరం రెండు మూడు తీగల మీద దొరకడం వీణ వాయించేవాళ్ళకీ మామూలే. అయితే ఏ తీగ మీద పట్టాలన్నది వాళ్ళని కాగితం అడగదు, గురువు చేతిని చూసి నేర్చుకుంటారు.

విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ నేర్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు చూపు బలహీనంగా ఉండి చిన్నప్పుడే బడి చదువుకి దూరమైన మనిషి. ఆయన తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు, దేశంలో వయొలిన్‌కి ఒక ఒరవడి పెట్టారు. పాశ్చాత్య వయొలిన్ని ఎంతో ఇష్టంగా విని, ఆ కమాను పట్టులోని నాదశుద్ధిని తన చేతికి తెచ్చుకున్నవాడాయన.

రాతలో పెట్టే ప్రయత్నం తెలుగులో లేదని కాదు. సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించారు, అదీ తెలుగు లిపిలో. కంపితానికి ఒక గుర్తు, జారుకి ఒక గుర్తు, స్ఫురితానికి ఒక గుర్తు... గమకాలన్నిటికీ విడివిడిగా సంకేతాలు కల్పించిన మహాగ్రంథం అది. ఆయన చేత ఆ పని చేయించాలని పట్టుబట్టిన చిన్నస్వామి మొదలియారు అంతకుముందే కర్ణాటక కీర్తనల్ని ఐరోపా స్టాఫ్ నొటేషన్‌లో అచ్చేసిన మనిషి. కానీ దీక్షితుల పుస్తకం పని వేరు. గురుముఖంగా నేర్చుకున్నది మరచిపోకుండా, మారిపోకుండా నిలబెట్టడానికి ఆ రాత. అపరిచితులు పాతికమంది ఒక గదిలో కూర్చుని, ఎప్పుడూ వినని సంగీతాన్ని ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించడానికి పుట్టిన రాత స్టాఫ్ నొటేషన్.

చర్చిల్లో కూడా చెవితో నేర్చుకునే కథే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి, కింద సాహిత్యం ఉంటుంది. వరస మాత్రం పెద్దల నోట విని నేర్చుకోవలసిందే. దీన్ని గోవాతో పోల్చి చూడాలి. అక్కడ పోర్చుగీసు కాలం నుంచి ఊరూరా చర్చి బడుల్లో పిల్లలకి అక్షరాలతో పాటు స్వరలిపి కూడా నేర్పేవారు. ఆ పిల్లలే పెద్దయ్యాక బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలని నిలబెట్టారు. ఆంథొనీ గొన్సాల్వెస్, సెబాస్టియన్ డిసౌజా వంటివాళ్ళు సంగీత దర్శకుల బాణీలకి వాద్యవృందం రాసిపెడితే, వయొలిన్లూ ట్రంపెట్లూ పట్టుకున్న గోవావాళ్ళు అక్కడికక్కడే చదివి వాయించేవారు. చిన్న ఊళ్ళో, చిన్న వయసులో, మామూలు బడిపంతులు నేర్పిన చదువే కొన్ని దశాబ్దాల హిందీ పాటని మోసింది.

సాలూరు నుంచి కోడంబాకం

బొబ్బిలి జంక్షన్ నుంచి ఒక చిన్న రైలు దారి సాలూరు దాకా వెళ్తుంది. దూరం ఇరవై కిలోమీటర్ల లోపే. ఆ సాలూరు పక్కన శివరామపురంలో 1920ల మొదట్లో పుట్టారు సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు. తండ్రి సన్యాసిరాజు పాటలు రాసేవారు, మృదంగం వాయించేవారు. రాజేశ్వరరావు పదమూడేళ్ళ ప్రాయంలో 'శ్రీకృష్ణ లీలలు' (1935)లో కృష్ణుడి వేషం కట్టారు. తర్వాత కలకత్తాలో పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి మధ్య తిరిగి, వాద్యవృందంతో పాటకి ఏం చేయవచ్చో కళ్ళారా చూసి వచ్చారు. ఆయన సంగీతం చేసిన జెమినీ వారి 'చంద్రలేఖ' (1948)లో కర్ణాటకం, హిందుస్తానీ, పాశ్చాత్య బాణీలన్నీ పెద్ద ఆర్కెస్ట్రాతో వినిపించాయి. 'మల్లీశ్వరి' (1951) పాటలకి ఆయనతో పాటు అద్దేపల్లి రామారావు వాద్యవృందం సమకూర్చారు.

ఈ కథనానికి ఇంకా దగ్గరి సంగతి ఆయన ఇంట్లోనే ఉంది. కొడుకుల్లో రామలింగేశ్వరరావు పియానో, ఎలక్ట్రిక్ ఆర్గాన్ వాయించడంలో పేరు తెచ్చుకున్నారు. పూర్ణచంద్రరావు గిటారిస్టు. వాసూరావు, కోటేశ్వరరావు సంగీత దర్శకులయ్యారు. ఆ కోటేశ్వరరావే రాజ్-కోటి జంటలోని కోటి. మృదంగం మోగిన సాలూరు ఇంటి నుంచి రెండు తరాల్లో గిటారు, ఆర్గాన్ మద్రాసులోని కోడంబాకం స్టూడియోలకి చేరాయి.

ఆ స్టూడియోల్లో పని ఎలా ఉండేదో తెలిస్తే చదవడం విలువ తెలుస్తుంది. ట్రాకులు విడివిడిగా తీసే సౌకర్యం రాకముందు గాయకులు, వయొలిన్లు, తబలా, గిటారు అంతా ఒకే గదిలో, ఒకేసారి, పాట మొదటి నుంచి చివరిదాకా. చివరి చరణంలో ఒక్క వేలు జారిందా, టేక్ మళ్ళీ మొదటికి. వాయిద్యకారులకి కాల్‌షీట్ లెక్కన డబ్బు. గదిలో ముప్ఫై మంది ఉంటే, ఒకరు తన పార్టు అర్థం చేసుకోవడానికి పట్టిన ప్రతి నిమిషమూ ముప్ఫై మంది నిమిషమే. స్వరాల్ని సరిగమల్లో తమ లిపిలో రాసుకుని వాయించేవాళ్ళు ఉండేవారు, స్టాఫ్ నొటేషన్ చదివేవాళ్ళూ ఉండేవారు. ఆర్కెస్ట్రా పెరిగి, ఒక్కో వాద్యానికి ఒక్కో వరస వచ్చేకొద్దీ రెండో రకంవాళ్ళ అవసరం పెరుగుతూ పోయింది.

హైదరాబాద్ నుంచి వెళ్ళిన తెలుగువాడు, సంగీత దర్శకుడు జి.కె.వెంకటేష్ దగ్గర గిటారిస్టుగా, సహాయకుడిగా చేరిన ఒక కుర్రాడు ఈ పనిని ఇంకో మెట్టు ఎక్కించాడు. అతనే ఇళయరాజా. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, స్వరలిపి నేర్చుకుని, లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం అందుకున్నారు. సంగీత దర్శకుడయ్యాక ఆయన పద్ధతి పరిశ్రమంతటికీ తెలుసు. రీలు చూస్తారు, కాగితం తీసుకుంటారు, హార్మోనియం కూడా ముట్టుకోకుండా వాద్యాలన్నిటి వరసలూ రాసిచ్చేస్తారు. సహాయకులు ఒక్కో వాద్యానికి పార్టు ఎత్తి రాసి పంచుతారు, వాయిద్యకారులు చూసి వాయిస్తారు. 'గీతాంజలి' (1989) విన్న తెలుగు శ్రోతకి ఆ గిటారు వరసలు గుర్తుండే ఉంటాయి. స్వయంగా గిటారిస్టు కాబట్టి ఆయన రాసింది చేతికి అందుతుంది. ఎంత కష్టమైనా వేళ్ళకి దారి ఉంటుంది.

అందరు సంగీత దర్శకులూ అలా రాయలేరు. ఫ్రెంచి సంగీతకర్త బెర్లియోజ్ 1840లలో వాద్యవృంద రచన మీద పెద్ద గ్రంథం రాస్తూ, గిటారు వాయించడం రానివాడు గిటారుకి చక్కగా రాయడం దాదాపు అసాధ్యమన్నాడు. ఆయనకి గిటారు వచ్చు, పియానో సరిగా రాదు. ఇప్పటికీ కష్టమైన గిటారు కాగితాల్లో చాలావాటికి మూలం కీబోర్డే. కీబోర్డు మీద పక్కపక్క మూడు స్వరాల్ని మూడు వేళ్ళతో సుళువుగా నొక్కేస్తారు. గిటారు మీద ఆ మూడూ మూడు తీగల మీద, వేళ్ళు సాగనంత దూరంలో పడతాయి. అనుభవజ్ఞుడు అక్కడ ఆగి వాదించడు. పై స్వరాన్ని ఉంచుతాడు, ఎందుకంటే వినేవాడి చెవికి తగిలేది అదే. కింద బేస్ గిటారు ఉంటే ఆ స్వరాన్ని దానికే వదిలేస్తాడు, మధ్యలో చేతికందింది కలుపుకుంటాడు.

రెండు సెకన్ల బార్

ఒక కాగితాన్ని దగ్గరగా చూద్దాం. ఈ కథనం కోసం కల్పించిందే అయినా, ఇలాంటివి వృత్తిలో రోజూ ఎదురవుతాయి. పైన వేగం రాసి ఉంది, నిమిషానికి 126 మాత్రలు. బార్‌కి నాలుగు మాత్రలు, అంటే ఒక్కో బార్ రెండు సెకన్ల లోపే అయిపోతుంది. మొదట్లో మూడు ఫ్లాట్ గుర్తులు, బి, ఈ, ఏ. మొదటి ఎనిమిది బార్లలో స్వరాల్లేవు, వాలుగీతలు, వాటిపైన కార్డు పేర్లు. విని కార్డులు పట్టే మన బొబ్బిలి కుర్రాడు అక్కడిదాకా హాయిగా వాయిస్తాడు. తొమ్మిదో బార్ నుంచి చుక్కలు మొదలవుతాయి. కింద గీతలు దిగి 'జి' దగ్గర ఒకటి, పైన గీతలు దాటి 'బి-ఫ్లాట్' దగ్గర ఇంకొకటి.

అలవాటున్న గిటారిస్టు మొదటి చుక్క నుంచి చదవడం మొదలుపెట్టడు. అతి కింది స్వరం ఏది, అతి పైది ఏది అని చూస్తాడు. కింది 'జి' ఆరో తీగ మూడో మెట్టు. పై 'బి-ఫ్లాట్' మొదటి తీగ ఆరో మెట్టు. చూపుడువేలు మూడో మెట్టు దగ్గర పెడితే నాలుగు వేళ్ళకి మూడు నుంచి ఆరు దాకా నాలుగు మెట్లు. మూడు ఫ్లాట్ల శ్రుతిలో కావలసిన స్వరాలన్నీ ఆ నాలుగు మెట్ల లోపలే, చెయ్యి జరపకుండా దొరుకుతాయి. ఈ లెక్క తెలియక మొదటి మెట్టు దగ్గర మొదలుపెట్టినవాడు మూడో మాత్రకి చెయ్యి పైకి లాగాలి, అక్కడ లయ పోతుంది. మెడ మీద ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడమే గిటారు చదువులో సగం శ్రమ. బెర్క్‌లీ సంగీత కాలేజీలో గిటారు నేర్పిన విలియం లెవిట్ 1966లో మొదలుపెట్టిన పాఠ్యపుస్తకాలు చాలావరకు ఈ పని మీదే నడుస్తాయి. ఒక చోట చెయ్యి ఉంచి ఎన్ని శ్రుతులు చదవగలవో ముందు తేల్చుకో అన్నట్టు.

ఇక మిగతా సగం, లయ. అదే తొమ్మిదో బార్‌లో మొదటి మాత్రని నాలుగు ముక్కలు చేసి రాశారు. మొదటి ముక్క ఖాళీ, రెండోది స్వరం, మూడోది ఖాళీ, నాలుగోది స్వరం. ఆ నాలుగో ముక్క స్వరం నుంచి ఒక వంపుగీత రెండో మాత్రలోకి వెళ్తుంది, అంటే అక్కడ మళ్ళీ మీటకూడదు, మోగుతున్నదాన్ని సాగనివ్వాలి. ఒక్కో ముక్క సెకనులో దాదాపు ఎనిమిదో వంతు. ఇంగ్లీషులో అంకెలు లెక్కపెట్టుకుంటూ దీన్ని చదవబోతే చాలామందికి నాలుక తడబడుతుంది. 'తకధిమి' అనుకోండి. 'త' దగ్గర ఊరుకోవాలి, 'క' దగ్గర మీటాలి, 'ధి' దగ్గర ఊరుకోవాలి, 'మి' దగ్గర మీటి, తర్వాతి 'త' మీదుగా సాగనివ్వాలి. అంతే, బార్ విడిపోయింది.

మన పిల్లలకి ముందే వచ్చి ఉంటుందని మొదట్లో చెప్పిన సగం ఇదే. మృదంగం పాఠం పక్కన కూర్చుని విన్న పిల్లవాడికి కూడా తకిట, తకధిమి ఒంట్లో ఉంటాయి. విదేశాల్లో గిటారిస్టుల్ని భయపెట్టే ఏడు మాత్రల బార్ మనకి మిశ్రచాపు, తకిట తకధిమి. ఐదు మాత్రలది ఖండచాపు, తక తకిట. చేతితో తాళం వేస్తూ నోటితో జతులు చెప్పగలిగిన పిల్లకి ఆ పాశ్చాత్య కాగితం మీద తెలియనిది గుర్తుల రూపం ఒక్కటే, లోపలి లెక్క అంతా తెలిసిందే. మన దగ్గర గిటారు నేర్పేవాళ్ళు ఈ బలాన్ని వాడుకోకపోవడం చూస్తే బాధగా ఉంటుంది. ఒక పక్క తాళం వచ్చిన పిల్లలు, ఇంకో పక్క లయ రాయని టాబ్ కాగితాలు. ఇంటర్నెట్‌లో దొరికే చాలా టాబ్‌లు ఏ తీగ, ఏ మెట్టు అన్నది చెబుతాయి, ఎంతసేపు అన్నది చెప్పవు. పాట ముందే తెలిస్తేనే అవి పనికొస్తాయి. తెలియని పాటని వాటినుంచి వాయించలేం.

వాయించేముందు దొరికే సమయమూ చిన్నదే. లండన్‌లోని ఏబీఆర్ఎస్ఎం బోర్డు సంగీత పరీక్షల్లో సైట్ రీడింగ్‌కి 150కి 21 మార్కులు, చూసుకోవడానికి అర నిమిషం. ఆ అర నిమిషంలో మొదటి బార్ వాయించి చూసేవాడు నష్టపోతాడు. శ్రుతి గుర్తులు, మాత్రల లెక్క, ఎక్కడికి వెనక్కి వెళ్ళాలి, కోడాకి (ముగింపు ముక్కకి) ఎక్కడ దూకాలి, అన్నిటికంటే చిక్కైన బార్ ఏది, దానికి చెయ్యి ఎక్కడ ఉండాలి, ఇవి చూసుకోవాలి. మొదలయ్యాక ఒకటే నియమం, ఆగకూడదు. స్వరం తప్పితే తప్పింది, తర్వాతి మాత్రకి అందరితో ఉండాలి. మనవాళ్ళకి అన్నిటికంటే కష్టంగా ఉండేది ఇదే, ఎందుకంటే తప్పు వాయిస్తే ఆగి, సరిదిద్దుకుని, మళ్ళీ మొదలుపెట్టాలని చిన్నప్పటి నుంచి నేర్పుతాం. సాధనకి అది సరైన పద్ధతి. చదవడానికి వేరే పద్ధతి కావాలి, దానికి వేరే వేళ పెట్టుకోవాలి.

ఈ విద్యలో లాస్ ఏంజెలిస్ స్టూడియో గిటారిస్టు టామీ టెడెస్కో (1930–1997) పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమాలు, టీవీ ధారావాహికలు, పాప్ రికార్డులు, ఏ కాగితం పెట్టినా వాయించేవాడు. మాండొలిన్, బాంజో వంటివి వాయించాల్సివస్తే వాటి తీగల్ని కూడా గిటారు శ్రుతిలోకి మార్చుకునేవాడు. వాద్యం మారినా కంటికీ వేళ్ళకీ మధ్య దారి మారకుండా చూసుకోవడమన్నమాట. ఆయన కాలపు స్టూడియో బృందం మీద కొడుకు డెనీ 'ది రెకింగ్ క్రూ' అనే డాక్యుమెంటరీ తీశాడు.

చదువు ఎంత వచ్చినా కాగితంలో ఎక్కనివి కొన్ని ఉంటాయి. మోహనంలో ఒక గాంధారం ఎలా ఊగాలో చుక్క చెప్పలేదు. తీగ ఎంత లాగాలి, ఎక్కడి నుంచి జారాలి అన్నది సంగీత దర్శకుడు పాడి వినిపిస్తేనే తెలుస్తుంది. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్‌కి గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాయించరు, పాడేవారు. పాడింది విని శ్రీనివాస్ తీగ మీద పట్టారు, తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ప్రపంచమంతా తిరిగారు. ఆ చెవిని వదులుకోమని ఎవరూ అడగరు. మన సినిమా స్టూడియోలో నెగ్గుకొచ్చే గిటారిస్టుకి కాగితం చూసి వాయించే కన్నూ కావాలి, పాడింది విని గమకం పట్టే చెవీ కావాలి.

పని దొరికే చోట్లు ఇప్పుడు మారాయి. చాలా రికార్డింగులు ఒకరొకరుగా, క్లిక్ ట్రాక్ చెవిలో పెట్టుకుని, ఎవరింట్లో వాళ్ళు చేసి పంపుతున్నారు. ఇంట్లో చేసుకునేటప్పుడు ఒక బార్‌ని ఇరవైసార్లు వాయించుకోవచ్చు. కానీ పెద్ద వాద్యవృందంతో కచేరీలు, నాటక సంగీతం, విదేశీ ఓడల మీద ప్రదర్శనలిచ్చే బ్యాండ్లు ఇప్పటికీ చదివేవాళ్ళనే తీసుకుంటాయి. ఓడల మీద షో బ్యాండ్‌కి ఎంపిక చేసేటప్పుడు సైట్ రీడింగ్ పరీక్ష పెట్టడం మామూలు. 2025 మార్చి 8న ఇళయరాజా సింఫొనీని లండన్‌లో వాయించిన రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాకీ, పణ్ణైపురంలో పుట్టిన ఆ సంగీతకర్తకీ మధ్య వారధి ఆ కాగితమే.

నేర్చుకోవడం ఎలా? పిల్లవాడు బడిలో మొదట అక్షరాలు కూడబలుక్కుని, క్రమంగా పదాన్ని ఒక్క చూపులో చదివినట్టే, స్వరాల్ని కూడా గుంపులుగా చూడడం అలవాటు కావాలి. దానికి రోజూ కొత్త కాగితం కావాలి. నిన్న వాయించిన పేజీ ఈరోజు వాయిస్తే అది జ్ఞాపకం, చదువు కాదు. గిటారు పుస్తకాలు అయిపోతే వయొలిన్, ఫ్లూట్, క్లారినెట్ పుస్తకాలు తీసుకోవచ్చు, అవన్నీ గిటారు కాగితంలాగే ట్రెబుల్ క్లెఫ్‌లోనే ఉంటాయి. మెట్రోనోమ్ సగం వేగంలో పెట్టుకుని, ఆగకుండా చివరిదాకా. పక్కన గురువుంటే ఒక అట్టముక్కతో వాయిస్తున్న బార్‌ని కప్పేస్తూ పోవాలి, అప్పుడు కళ్ళు ముందుకి జరగక తప్పదు. చేతిలో ఎప్పుడూ పెన్సిల్ ఉండాలి. పెద్ద ఆర్కెస్ట్రాల్లో పనిచేసేవాళ్ళ కాగితాల మీద అక్కడక్కడా కళ్ళజోడు బొమ్మ కనిపిస్తుంది. ఇక్కడ తల ఎత్తి కండక్టర్ని చూడాలని వాళ్ళకి వాళ్ళు పెట్టుకున్న గుర్తు అది.

ఇదంతా చేయడానికి బొబ్బిలిలో ఏమీ కొరత లేదు. గాత్రానికి, వీణకి, మృదంగానికి వందేళ్ళు దాటిన కళాశాల విజయనగరంలో ఉంది. ఆదివారం సాయంత్రం పిల్లలు గిటారుతో వచ్చే చర్చి హాళ్ళున్నాయి. బడుల్లో నల్లబల్లలున్నాయి. ఐదు గీతలు గీసి, మూడు ఫ్లాట్లు పెట్టి, పై 'బి-ఫ్లాట్' ఎక్కడుందో చూపించగల ఒక మనిషికి వారానికి మూడు గంటల జీతం ఇస్తే, ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టిన పిల్ల ఇంటర్ చేరేసరికి తొమ్మిదో బార్ దగ్గర ఆగదు.